ఫాంటసీ నవలను చేతిలో ఆడే ఆర్పీజీగా మార్చడం ఎలా?

ఇష్టమైన ఫాంటసీ నవల ముగించాక ఆ లోకంలో ఇంకొన్నాళ్లు ఉండిపోవాలనిపిస్తుంది. అలా అనిపించినవాళ్లలో కొందరు దాన్ని ఆర్పీజీగా, అంటే కథలోని పాత్ర మనమే అయి నడిపించే వీడియో ఆటగా చేద్దామని కూర్చుంటారు. మొదటి అధ్యాయంలోని మొదటి సన్నివేశాన్ని స్క్రీన్ మీదికి ఎక్కిస్తారు. తర్వాత రెండోది, ఆ తర్వాత మూడోది. పది సన్నివేశాలు పూర్తయ్యేసరికి తయారయ్యేది బటన్ నొక్కుతూ చదవాల్సిన పుస్తకం. ఆడటానికి అందులో ఏమీ ఉండదు. నేనూ అలాగే మొదలుపెట్టి, నాలుగు నెలల పని పక్కన పడేసి, మళ్లీ మొదటికి వచ్చాను. ఆ నాలుగు నెలలు మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

మంచి ఫాంటసీలో ఏ శక్తీ ఊరికే రాదు. మంత్రం వేసినవాళ్లు దేన్నో పోగొట్టుకుంటారు. పాఠకుడి గుండె పట్టేసేది ఆ పోగొట్టుకోవడమే. నవల నుంచి ఆటలోకి అన్నిటికన్నా ముందు తెచ్చుకోవాల్సింది కూడా అదే. ఆ మూల్యాన్ని ఆడేవాళ్ల చేత కట్టించగలిగితే, సగం కథ వదిలేసినా ఆట నవలలాగే ఉంటుంది. కట్టించలేకపోతే ప్రతి సన్నివేశాన్నీ దించినా ఉండదు.

మాట వరసకి ఒక నవల ఊహించుకుందాం. పడవ నడిపే ఒకామె కూతురు కథానాయిక. ఆమె నోట మంత్రాలు వాటంతటవి పలకవు. పక్కనున్నవాళ్ల గొంతు అరువు తీసుకుంటేనే పలుకుతాయి. గొంతు ఇచ్చినవాళ్లు అది తిరిగొచ్చేదాకా మూగగా ఉండిపోవాలి. నది ఎగువన ఉన్న కోటలో తమ్ముడు బందీగా ఉన్నాడు. ముసలి సరంగు, ఒక చిన్నపిల్ల, ఒక మాజీ కాపలాదారు తోడుగా రాగా, ఆమె అక్కడిదాకా వెళ్లి అతణ్ని విడిపించుకు రావాలి. ఇక్కడినుంచి చివరిదాకా ఈ నవలే మన ఉదాహరణ.

ముందు హక్కుల సంగతి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఒక్క బొమ్మ కూడా గీయకముందే తేల్చుకోండి. నవలను ఆటగా మార్చడాన్ని చట్టం అనుసరణ అంటుంది. ఆ హక్కు రచయితది, లేదా రచయిత ఎవరికి రాసిచ్చారో వాళ్లది. ఆటను ఉచితంగా పంచినా అనుమతి కావాల్సిందే. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్ కనీసం రచయిత జీవితకాలం, ఆపైన 50 ఏళ్లు ఉంటుంది. చాలా దేశాలు ఆ 50ని 60కో 70కో పెంచుకున్నాయి కాబట్టి ఆట విడుదల చేయబోయే దేశాల్లో ఎంతుందో చూడాలి. మూల నవల కాపీరైట్ గడువు తీరిపోయినా దాని అనువాదానికి వేరే హక్కు ఉంటుంది. మీరు అనువాదం చదివి ఆట చేస్తుంటే అందులోని వాక్యాలు, అనువాదకులు పుట్టించిన పేర్లు వాడుకోకండి.

అనుమతి నోటిమాటగా వద్దు, రాతపూర్వకంగా తీసుకోండి. ఏ పరికరాల మీద, ఏ భాషల్లో, ఎన్నేళ్లు, కొత్త పాత్రలు కలపొచ్చా, ముగింపు మార్చొచ్చా అన్నవన్నీ ఆ కాగితంలో ఉండాలి. నవల ఎప్పుడో సినిమాకి అమ్ముడై ఉంటే ఆట హక్కులు కూడా ఆ ఒప్పందంలోనే వెళ్లిపోయి ఉండొచ్చు. ఆ సంగతి తప్పకుండా అడగండి.

మూడుసార్లు చదవడం

మొదటిసారి చదివేటప్పుడు కథానాయిక చేసే పనులు మాత్రమే రాసుకోండి. ఆలోచనలు వద్దు, పనులు. తెడ్డు వేసింది, బేరమాడింది, దాక్కుంది, అరువు అడిగింది. ఏ పని పదేపదే వస్తుందో అదే మీ ఆటలో బటన్ అవుతుంది. మన నవలలో అది ‘అడగడం’. అంటే ఈ ఆటకు ప్రాణం కత్తియుద్ధంలో లేదని పని మొదలుకాకముందే తెలిసిపోయింది.

రెండోసారి మూల్యాల కోసం చదవండి. ఎవరు ఎప్పుడు ఏం కోల్పోయారు, ఎంతసేపు, తిరిగొచ్చిందా, తిరిగొచ్చాక ఇచ్చినవాళ్లు ఎలా మారారు. మూడోసారి చోట్ల కోసం. ప్రతి చోటుకీ ఒక చిన్న చీటీ రాసి, అక్కడ జరిగినవన్నీ దాని మీదే చేర్చండి. నవలలో ఒకే రేవు మూడు అధ్యాయాల్లో వస్తే ఆటలో అది ఒక్క మ్యాపే.

మూల్యాన్ని నియమంగా మార్చడం

ఎక్కువ రోజులు కేటాయించాల్సింది ఈ అడుగుకే.

చేతికి అందే సులువైన దారి ఒకటుంది. స్క్రీన్ మూలన ఒక నీలం గీత గీసి దానికి మంత్రబలం అని పేరు పెట్టడం. మంత్రం వేస్తే తగ్గుతుంది, సీసాలో మందు తాగితే నిండుతుంది. ఇలాంటి ఆటలు వందల్లో ఉన్నాయి, వాటిలో మంచివీ చాలానే ఉన్నాయి. కానీ ఈ గీత పెట్టిన క్షణంలో మన నవల చచ్చిపోతుంది. ఎందుకంటే అందులో నొప్పి తగిలేది ఇంకొకరికి. గీత తగ్గితే ఎవరికీ ఏమీ కాదు.

దాని బదులు ఇలా చేయండి. ఒకసారికి ఒక్క గొంతే అరువు. గొంతు ఇచ్చిన తోడు తన సొంత విద్యలేవీ వాడలేరు, పోరాటం ముగిశాక కూడా మాట్లాడలేరు. తర్వాతి రేవులో రాత్రి ఆగితేనే గొంతు తిరిగొస్తుంది. ముసలి సరంగు గొంతు నీటిని ఆపగలదు. చిన్నపిల్ల గొంతుతో చిన్న మంత్రాలే పలుకుతాయి, కానీ శత్రువుకు వినపడవు. మాజీ కాపలాదారు గొంతుకు తాళాలు తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఏమవుతుందో చూడండి. వరద దాటడానికి సరంగు గొంతు వాడేశారు. కాసేపటికి పడవల సుంకం వసూలు చేసే మనిషి ఎదురయ్యాడు. అతను సరంగుకు పాత స్నేహితుడు. సరంగు ఒక్క మాట చెబితే దారి వదిలేస్తాడు. కానీ సరంగు మూగ. డైలాగ్ బాక్స్‌లో ఆయన ముఖం వస్తుంది, పక్కన మూడు చుక్కలు తప్ప అక్షరం ఉండదు. ఆడేవాళ్లు అప్పుడు తిట్టుకోరు, బాధపడతారు. నవల వంద పేజీల్లో చేసిన పని ఇక్కడ ఒక ఖాళీ డబ్బా చేసింది.

మీరు ఎంచుకున్న నియమాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించండి. ఒక్క వాక్యంలో చెప్పగలరా? పోరాటంలోనూ మామూలు మాటల్లోనూ ఒకేలా పనిచేస్తుందా? ఆట మొదటి అరగంటలో ఒక్కసారైనా నొప్పి తెలిసేలా తగులుతుందా? మూడింటికీ అవునంటేనే ముందుకు కదలండి.

కోడ్ రాయకముందే దీన్ని కాగితం మీద ఆడి చూడాలి. పాత్రకొక కార్డు, ఒక పాచిక, చేతిగీతలతో ఒక మ్యాపు చాలు. గొంతు అరువిచ్చిన కార్డును బోర్లా తిప్పండి. ఇద్దరు స్నేహితుల్ని కూర్చోబెట్టి ఒక సాయంత్రం ఆడించండి. కార్డు తిప్పేటప్పుడు వాళ్ల చెయ్యి కాస్త తటపటాయిస్తే మీ నియమం పండింది.

కథలో ఎక్కడ నిలబడాలి

నవల కథనే మళ్లీ చెబితే చదివినవాళ్లకు ముగింపు ముందే తెలుసు. చదవనివాళ్లకు సగం సంగతులు అర్థం కావు. దీనికి మంచి పరిష్కారాలు చూపించినవాళ్లున్నారు. ది విచర్ అనే పోలిష్ ఫాంటసీ నవలల ఆధారంగా 2007లో వచ్చిన మొదటి గేమ్ నవలల కథ ముగిసిన తర్వాత మొదలవుతుంది. నాయకుడికి గతం గుర్తుండదు. దాంతో కొత్తవాళ్లు కూడా అతనితో పాటే అన్నీ తెలుసుకుంటూ వెళ్లారు. 1993లో వచ్చిన బిట్రేయల్ ఎట్ క్రోండోర్ అనే గేమ్ అయితే అమెరికన్ రచయిత రేమండ్ ఫైస్ట్ నవలా లోకంలో కొత్త కథ చెప్పింది. తర్వాత 1998లో ఆ ఆట కథను ఫైస్టే నవలగా రాశారు.

మొదటిసారి చేస్తున్నవాళ్లకు నా సలహా ఇంకా చిన్నది. నవలలో ఒక ప్రయాణం ఉన్న భాగాన్ని కోసుకోండి, మూడు నాలుగు గంటల్లో పూర్తయ్యే ఆట చేయండి. మన ఉదాహరణలో అది నది మీది ప్రయాణం ఒక్కటే. కోట తలుపు దగ్గర ఆట ముగిసిపోయినా ఫర్వాలేదు.

ఏ పరికరం మీద

స్క్రీన్ ఎంతుందో తెలియకుండా కథ కోయలేరు. చేతిలో పట్టుకుని ఆడే పరికరాల్లో 1989 నాటి నింటెండో గేమ్ బాయ్ స్క్రీన్ 160×144 పిక్సెళ్లు (చుక్కలు), నాలుగు ఛాయలు. బొమ్మలన్నీ 8×8 టైల్స్‌తో, అంటే చిన్న చదరపు ముక్కలతో కడతారు కాబట్టి స్క్రీన్ అడ్డంగా 20, నిలువుగా 18 టైల్స్. 2001 నాటి గేమ్ బాయ్ అడ్వాన్స్‌ది 240×160. 2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కు 256×192 స్క్రీన్లు రెండు, కిందిది టచ్. ఈ తరం పరికరాల్లో 2022 నాటి ప్లేడేట్ 400×240, కేవలం నలుపు తెలుపు. అదే ఏడాది వచ్చిన స్టీమ్ డెక్ 1280×800.

కొత్తవాళ్లు గేమ్ బాయ్ కోసం చేయడం మేలంటాను. జీబీ స్టూడియో అనే ఉచిత ఓపెన్ సోర్స్ పనిముట్టుతో కోడింగ్ రాకపోయినా చేయొచ్చు. వచ్చిన ఫైలును ఎమ్యులేటర్‌లోనూ (కంప్యూటర్‌లో ఆ పరికరంలా నడిచే ప్రోగ్రామ్) అసలు పరికరంలోనూ ఆడొచ్చు. సీ ప్లస్ ప్లస్ భాషలో కోడ్ రాయడం వచ్చినవాళ్లు గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం బుటానో లైబ్రరీ చూడండి. పెద్ద స్క్రీన్ కావాలంటే ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్‌తో చేసి స్టీమ్ డెక్ మీద పెట్టుకోవచ్చు. అది లోపల కంప్యూటరే కాబట్టి ఎవరి దగ్గరా ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. నింటెండో, సోనీ కన్సోళ్లకు మాత్రం డెవలపర్‌గా నమోదు కావాలి.

చిన్న యంత్రం పరిమితులు కథను ఎలా మలుస్తాయో ఒక్క లెక్కలో చెబుతాను. గేమ్ బాయ్‌లో కదిలే బొమ్మల్ని స్ప్రైట్లు అంటారు. ఒకేసారి స్క్రీన్ మీద 40, ఒక అడ్డ గీత మీద 10 మాత్రమే కనిపిస్తాయి. 16×16 మనిషి బొమ్మకు 8×16 స్ప్రైట్లు రెండు కావాలి. మన నాయిక, ముగ్గురు తోడు, అంటే 8. ఎదురుగా సుంకం మనిషి నిలబడితే 10. వాళ్ల వరసలోకి ఆరో మనిషి వస్తే కనబడకుండా పోతారు. కాబట్టి నవలలోని సైన్యం ఇక్కడ నడవలేదు. దాన్ని వెనక టైల్స్‌లో కదలని నీడగా గీయాలి. నాకైతే ఈ నీడ సైన్యమే ఎక్కువ భయం పుట్టిస్తుంది.

కథను కోయడం

లక్ష పదాల నవలను నిమిషానికి 150 పదాల చొప్పున చదివితే 11 గంటలు పడుతుంది. ఆ మాటలన్నీ డైలాగ్ బాక్సుల్లో పోస్తే ఆడటానికి సమయమే మిగలదు. మూడు నాలుగు గంటల ఆటకు ఆరేడు వేల పదాలు దాటనివ్వకండి.

పాత్రల్ని కలిపేయండి. నవలలో దారి చెప్పిన బెస్తవాడు, అబద్ధం చెప్పిన వర్తకుడు, చివర్లో కాపాడిన సన్యాసి ముగ్గురూ ఒకే మనిషి కాగలరేమో చూడండి. కాగలిగితే ఆ పాత్ర ముగ్గురి కన్నా బలంగా ఉంటుంది.

లోపలి ఆలోచనలతోనే అందరికీ చిక్కు. నాయిక తమ్ముడి గురించి పేజీలకు పేజీలు తలుచుకుంటుంది. దాన్ని డబ్బాల్లో రాస్తే ఎవరూ చదవరు. ఆమె సంచిలో తమ్ముడి బొమ్మ పడవ ఒకటి పెట్టండి. ఆ వస్తువు మీద నొక్కితే వచ్చే ఒక్క వాక్యం ప్రతి రేవు తర్వాతా మారాలి. మొదట ‘తమ్ముడి పడవ. తెడ్డు విరిగింది.’ తర్వాత ‘తెడ్డు అతికించాను.’ చివరి రేవులో ‘వాడికి ఇది ఇప్పుడు చిన్నదైపోతుందేమో.’ చూడాలనిపించినవాళ్లే చూస్తారు. చూసినవాళ్లు మర్చిపోరు.

మ్యాపు విషయంలో ఎక్కువ ఆలోచించకండి. నవలలో మూడు వారాల ప్రయాణం ఆటలో 12 రేవులు. ఒక్కో రేవు 15 నిమిషాలు. నది ఒకటే దారి కాబట్టి దారి తప్పే బెడద లేదు. అక్కడక్కడ ఒక పాయ చీల్చితే చాలు.

తెలుగు అక్షరాల లెక్క వేరు

ఆట తెలుగులో ఉండాలనుకుంటే ఈ సంగతి మొదటి రోజే చూసుకోండి. ఇంగ్లిష్ అక్షరం 8×8 టైల్‌లో ఇముడుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటర్ లోపల ఆరు సంకేతాలు. గేమ్ బాయ్‌కు వాటిని పేర్చి కలిపే తెలివి లేదు. కాబట్టి వాడబోయే అక్షరాలన్నిటినీ ఒత్తులతో సహా ముందే బొమ్మలుగా గీసి పెట్టుకోవాలి, లేదా పంక్తి పంక్తినీ బొమ్మగా చేసి చూపించాలి. ఒక్కో పంక్తికి కనీసం 16 పిక్సెళ్ల ఎత్తు ఇవ్వండి. రెండు పంక్తులు, చుట్టూ ఖాళీ కలిపి 48 పిక్సెళ్లు, అంటే స్క్రీన్‌లో మూడో వంతు పోతుంది. అందుకే మాటలు పొదుపుగా రాయమంటున్నాను. గోడో 4తో చేస్తే ఈ తిప్పలు లేవు. అక్షరాలు కలిపే పని అదే చూసుకుంటుంది, నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్ పెడితే సరిపోతుంది. ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు చూపించాలనుకుంటే మాత్రం సంకేతాల లెక్కన కాకుండా పదం పదంగా చూపించండి. లేకపోతే ‘స్త్రీ’ కాస్తా ముందు ‘స’గా, తర్వాత ‘స్త’గా కనిపించి కంటికి ఇబ్బందిగా ఉంటుంది.

పోరాటంలో అంకెలు

దెబ్బ ఎంత తగలాలో లెక్కించడానికి అందరూ మొదట రాసే సూత్రం దాడిలోంచి రక్షణ తీసేయడం. దాడి 12, రక్షణ 8 అయితే దెబ్బ 4. దాడి 14కు పెరిగితే దెబ్బ 6, అంటే చిన్న పెరుగుదలకే ఒకటిన్నర రెట్లు. శత్రువు రక్షణ 12 అయితే దెబ్బ సున్నా, ఆట అక్కడే బిగుసుకుపోతుంది. దాని బదులు దాడిని దాడితోనే గుణించి, దాడి రక్షణల మొత్తంతో భాగించండి. 12కు 8 ఎదురైతే 144ను 20తో భాగించగా 7. దాడి 14 అయితే 8 పైచిలుకు. రక్షణ 12 అయినా 6 తగులుతుంది. ఎక్కడా విరగదు. గేమ్ బాయ్ ప్రాసెసర్‌కు గుణకార, భాగహారాల ఆదేశాలు లేవు. ప్రతిసారీ లెక్క కట్టించే బదులు ముందే పట్టికగా రాసి పెట్టుకుంటే ఆట చురుగ్గా నడుస్తుంది.

లెవెల్స్ దగ్గర చాలామంది తెలియకుండానే నవలకు ద్రోహం చేస్తారు. లెవెల్ పెరిగేకొద్దీ నాయిక బలపడి చివరికి ఎవరి గొంతూ అక్కర్లేని స్థితికి వస్తే మనం అంత కష్టపడి కట్టిన మూల్యం గాలికి పోయినట్టే. మంత్రం బలం పెరిగితే మూల్యమూ పెరగాలి. మొదటి నాలుగు రేవుల్లో గొంతు తర్వాతి రేవులో తిరిగొస్తే, ఆపైన రెండు రేవులు ఆగాలి. కోట దగ్గర చివరి మంత్రానికి గొంతు ఇచ్చినవాళ్లకు అది ఇక తిరిగి రాదు. ఆ ఒక్కరు ఎవరో ఆడేవాళ్లే తేల్చాలి.

ఆపడం, మళ్లీ అందుకోవడం

చేతిలో ఆడే ఆటను జనం పది నిమిషాలు ఆడి జేబులో పెట్టేస్తారు. ఎక్కడైనా సేవ్ కావాలి. వారం తర్వాత తెరిచినవాళ్లకు ఏం చేస్తున్నారో గుర్తుండదు కాబట్టి, మొదలయ్యేటప్పుడు నాయిక మాటల్లో ఒక్క వాక్యం చూపించండి: ‘సరంగు గొంతు నా దగ్గరుంది. ఏడో రేవుకు చేరాలి.’ సేవ్‌లో ఏమేం దాచాలో జాబితా రాసుకోండి. అరువు తెచ్చిన గొంతు ఎవరిది, అది తిరిగి రావడానికి ఇంకెన్ని రేవులు మిగిలాయి, అన్న రెండూ నేను మొదటిసారి మర్చిపోయాను. ఆట ఆపి తెరిస్తే మూగవాళ్లంతా మాట్లాడేశారు.

చాలామంది శబ్దం ఆపేసి ఆడతారు. మన ఆట గొంతుల గురించి. అందుకని గొంతు కంటికి కనిపించాలి. సరంగు గొంతుతో మంత్రం వేస్తే డైలాగ్ బాక్స్ అంచు అలలుగా, పిల్ల గొంతైతే చుక్కలుగా, కాపలాదారుదైతే గొలుసుగా మార్చండి. నాలుగు ఛాయల్లోనే ఇదంతా సాధ్యం.

ఇతరుల చేత ఆడించడం

నవల చదివినవాళ్లు ఇద్దరు, చదవనివాళ్లు ఇద్దరు కావాలి. చదివినవాళ్లు ఫలానా సన్నివేశం లేదేమని అడుగుతారు. రాసుకోండి, వెంటనే మార్చకండి. చదవనివాళ్లు ఎక్కడ ఆగిపోయారో అక్కడ వెంటనే మార్చండి. వాళ్లు ఆడుతున్నంతసేపూ నోరు విప్పొద్దు, దారి చూపొద్దు. అసలు పరికరంలోనే ఆడించండి. కంప్యూటర్ మీద బాగా కనిపించిన అక్షరం ఎండలో చిన్న స్క్రీన్ మీద మాయమవుతుంది.

విడుదలకు ముందు ఒక పట్టిక గీయండి. నిలువునా 12 రేవులు. అడ్డంగా నాలుగు గళ్లు: సరంగు మూగ, పిల్ల మూగ, కాపలాదారు మూగ, అందరికీ గొంతుంది. మొత్తం 48 గళ్లు. ప్రతి గడికీ ఆ రేవును మొదటి నుంచి చివరిదాకా ఆడండి. మూగగా ఉండాల్సినవాళ్లు ఎక్కడైనా మాట్లాడుతున్నారా, వాళ్లు లేకపోతే దారే లేకుండా పోతోందా అని చూసుకోండి. 48 గళ్లలోనూ టిక్కు పడ్డాక ఫైలు బయటికి పంపండి.